సరి సంఖ్యలో పూలు

మొన్న ఏప్రిల్‌లో చెన్నైలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మండపం నిండా కార్నేషన్ పూలు, తెల్లవీ ఎర్రవీ. నీలగిరి నుంచి తెప్పించారట. అక్షింతలు వేద్దామని ముందుకు వంగేసరికి ఆ వాసన తగిలింది. మల్లె, సంపెంగల్లా ఉండదది. లవంగం పంటి కింద నలిగినట్టు ఉంటుంది. పెళ్లికూతురి తల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాను. పక్కన మేళం మోగుతోంది. నాకు మాత్రం చలిగాలిలో ఒక కొండ మీదికి మాటా పలుకూ లేకుండా నడిచిపోయే వేలమంది బూట్ల చప్పుడు వినిపించింది.

ఆ కొండ పేరు త్సిత్సెర్నకబెర్ద్. అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఉంది. నేను డాక్టరు చదువు చదివింది ఆ ఊళ్లోనే.

అప్పటికి మా కర్నూలు వైపు నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు తక్కువ. ఇక్కడ సీటు రాలేదు, డొనేషన్ కట్టే స్తోమత లేదు, మా నాన్న రెండెకరాలు అమ్మి పంపించాడు. మొదటి ఏడాది హాస్టల్లో ఉన్నాను. రెండో ఏడాది అరబ్‌కిర్ అనే పేటలో, కొమితాస్ పేరు పెట్టిన పెద్ద రోడ్డు పక్కన, ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. సోవియట్ కాలం నాటి రాతి మేడ. గులాబీ రంగు రాయి. నాలుగో అంతస్తు, లిఫ్ట్ ఎప్పుడూ పనిచేయదు. వంటింటి కిటికీలోంచి, మబ్బు లేని రోజున, అరరాత్ కొండ కనిపించేది. చెయ్యి చాస్తే అందేటట్టే ఉంటుంది కానీ అది టర్కీలో ఉంది. మధ్యలో సరిహద్దు 1993 నుంచి మూసేసి ఉంది.

ఆవిడను ఇంట్లో అందరం టాటిక్ అనేవాళ్లం. నాయనమ్మ, అమ్మమ్మ రెండింటికీ వాళ్లకు అదే మాట. ఆవిడ నన్ను "బాలా జాన్" అని పిలిచేది. మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను, తెలుగు మాట ఈవిడకెలా వచ్చిందని. బాలా అంటే వాళ్లకూ పిల్లే. అది అజర్‌బైజానీల ఇళ్లలోంచి వచ్చిన మాట అని చాలా కాలానికి తెలిసింది. ఎవరి ఊళ్లోంచి ప్రాణం అరచేత పట్టుకుని పారిపోయి వచ్చిందో, వాళ్ల మాటతోనే నన్ను ముద్దు చేసేది.

నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి "త్సవద్ తానెమ్" అనేది. నీ నొప్పి నేను తీసుకుపోతాను అని. మా అవ్వ నా కణతల పక్కన మెటికలు విరిచి దిష్టి తీసేది చూడండి, సరిగ్గా అదే గొంతు, అదే మొహం. తర్వాత ఆస్పత్రి పోస్టింగుల్లో నేను రోగి దగ్గరికి వెళ్లి మొదట అడిగే ప్రశ్నలో కూడా అదే మాట ఉండేది, "త్సావ్" ఎక్కడ అని. ఆ భాషలో నాకు బాగా పట్టుబడిన మొదటి మాట నొప్పి.

భాష విషయంలో టాటిక్‌ది, నాది ఒకటే అవస్థ. ఆమె అజర్‌బైజాన్ రాజధాని బాకూలో పుట్టింది, చదివింది రష్యన్ బడి. అర్మేనియన్ మాట్లాడేది కానీ చదవడం రాదు. యెరెవాన్ వాళ్లు ఆ యాస విని మీది బాకూనా అని అడిగేవాళ్లు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకుంటోంది. నేనూ నేర్చుకుంటున్నాను. ముప్ఫై తొమ్మిది అక్షరాలు. రాత్రి భోజనమయ్యాక వంటింటి బల్ల మీద ఒక రూళ్ల పుస్తకం తెరిచి ఇద్దరం దిద్దేవాళ్లం. ఆమె కూతురు, బ్యాంకులో పనిచేసేది, వచ్చి తప్పులు దిద్ది వెళ్లేది. చలికాలమైతే ఒకే దుప్పటి ఇద్దరి మోకాళ్ల మీద కప్పుకునేవాళ్లం. ఆ ఊళ్లో 1992 నుంచి మూడు చలికాలాలు కరెంటు రోజుకు ఒకటి రెండు గంటలే వచ్చిందని, వీధి చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారని టాటిక్ చెప్పేది. అందుకే కరెంటు ఉన్నా సరే ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టుకునే కూర్చునేది.

* * *

యెరెవాన్‌లో సిటీ బస్సుల కంటే మార్ష్రుత్కాలు ఎక్కువ ఉండేవి అప్పట్లో. మన షేర్ ఆటోలకు పెద్దన్నల్లాంటి చిన్న వ్యాన్లు. అద్దం మీద అట్ట పెట్టి ఏయే పేటల మీదుగా వెళ్తుందో రాసేవాళ్లు. నేను చదవడం నేర్చుకున్నది ఆ అట్టల మీదే. అరబ్‌కిర్. జైతున్. మలాతియా. సెబాస్తియా. మరాష్. దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం లాంటి పేట పేర్లే కదా అనుకున్నాను.

రెండో ఏడాది ఏప్రిల్ 24 సెలవు వచ్చింది. మొదటి ఏడాది ఆ సెలవుకు హాస్టల్లో బట్టలు ఉతుక్కుని పడుకున్నాను, అది తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే. ఈసారి టాటిక్ పొద్దున్నే లేపింది. "రా, చదువుదాం" అంది. పుస్తకం తీస్తుందనుకున్నాను, కోటు తీసింది.

ఊరంతా రోడ్డు మీద ఉంది. చంకలో పసిపిల్లలు, చేతికర్రల మీద ముసలివాళ్లు, ఆలివ్ రంగు బట్టల్లో సైనికులు, పెళ్లయి ఏడాదైనా కాని జంటలు. అందరి చేతుల్లో పూలు. కొండ కింది నుంచి పైదాకా నడక. అంతమంది మధ్య అంత నిశ్శబ్దం నేను మరెక్కడా చూడలేదు. మన దగ్గర నలుగురు చేరితే మాట పుడుతుంది. అక్కడ స్పీకర్లలోంచి సన్నగా చర్చి పాట, దాని కింద బూట్ల చప్పుడు, అంతే.

పైకి వెళ్లగానే ఒక పొడవాటి గోడ వస్తుంది. వంద మీటర్లుంటుంది. దాని మీద ఊళ్ల పేర్లు చెక్కారు. టాటిక్ నా మోచెయ్యి పట్టుకుని వేలితో చూపిస్తూ కూడబలుక్కుని చదివింది. నేను ఆమెతో పాటు చదివాను. వాన్. ముష్. ఖర్‌బెర్ద్. అదానా. తర్వాత వచ్చింది, జైతున్. మలాతియా. మరాష్. నేను రోజూ ఎక్కే వ్యాను అద్దం మీది పేర్లు.

అప్పుడర్థమైంది. ఒకప్పటి ఒట్టోమన్ టర్కీ ఊళ్లవి. ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో అర్మేనియన్లు లేరు. బతికి బయటపడ్డవాళ్లూ వాళ్ల పిల్లలూ యెరెవాన్ చుట్టూ గుడిసెలు వేసుకుని, పోయిన ఊరి పేరుకు ముందు "నోర్" అని చేర్చి కొత్త పేటకు పెట్టుకున్నారు. నోర్ అంటే కొత్త. కొత్త అరబ్‌కిర్, కొత్త జైతున్, కొత్త మలాతియా.

మా అవ్వది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిన ఊరు. కాలనీ కట్టి ఇచ్చి, పాత పేరుకే కొత్త అని తగిలించారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గుడి గోపురం తేలుతుంది, అవ్వ బస్సెక్కి వెళ్లి గట్టు మీద నిలబడి దండం పెట్టుకుని వచ్చేది. ఆ రోజు గోడ ముందు నాకు అవ్వ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. రెండూ ఒకటి కావు, తెలుసు. మా ఊళ్లో మనుషుల్ని ఎవరూ చంపలేదు. కానీ ఊరి పేరు ముందు "కొత్త" అని రాసుకునేవాళ్ల గొంతు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

గోడ దాటితే పన్నెండు పెద్ద రాతి పలకలు, గుండ్రంగా, లోపలికి వంగి ఉంటాయి. మధ్యలో ఆరని మంట. దాని దగ్గరికి మెట్లు దిగాలి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, కాళ్ల వైపు చూసుకుంటూ తల వంచుకునే దిగాలి. మంట చుట్టూ అందరూ పూలు పెడతారు. మేం వెళ్లేటప్పటికి నడుమెత్తు ఉంది, సాయంత్రానికి పూలే గోడ అవుతాయి. ఆ లవంగాల వాసన, మంట సెగ, పొద్దుటి చలి, మూడూ కలిసి నా ఒంటికి పట్టేశాయి.

* * *

1915 ఏప్రిల్ 24 రాత్రి ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ప్రభుత్వం రెండు వందల మందికి పైగా అర్మేనియన్లను ఇళ్ల నుంచి పట్టుకెళ్లింది. కవులు, పంతుళ్లు, పత్రికల వాళ్లు, డాక్టర్లు, పూజారులు. చాలామంది తిరిగి రాలేదు. సైన్యంలో ఉన్న అర్మేనియన్ మగవాళ్ల తుపాకులు లాక్కుని పనిలో పెట్టి చంపారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి సిరియా ఎడారిలోని దెయిర్ ఎజ్-జోర్ వైపు నడిపించారు. నీళ్లు లేక, తిండి లేక, దారిలో దాడులకు బలై పోయారు. చనిపోయినవాళ్లు 15 లక్షల దాకా ఉంటారని అంటారు. టర్కీ ప్రభుత్వం ఇది జాతి నిర్మూలన అని ఈనాటికీ ఒప్పుకోదు.

సైకియాట్రీ పోస్టింగులో మా మాస్టారు ఒకరోజు పాఠం ఆపి కొమితాస్ గురించి చెప్పారు, నేను ఉండే రోడ్డు పేరు ఆయనదే. పూజారి, సంగీతజ్ఞుడు. ఊరూరా తిరిగి కోతల పాటలు, పెళ్లి పాటలు, లాలిపాటలు వేల కొద్దీ రాసుకున్నాడు. ఆ రాత్రి పట్టుకెళ్లినవాళ్లలో ఆయనా ఉన్నాడు. కొన్నాళ్లకు వదిలేశారు. ప్రాణంతో వచ్చాడు కానీ మనసు చెదిరిపోయింది. 1935లో ప్యారిస్ పక్కన మానసిక చికిత్సాలయంలో చనిపోయే దాకా మళ్లీ కోలుకోలేదు. పాటలు మాత్రం మిగిలాయి. మాస్టారు చెబుతూ చెబుతూ ఒక దుక్కి పాట అందుకున్నారు. వార్డులో ఒక పేషెంటు తోడు పాడాడు. ఆ పేషెంటు కేస్ షీటులో మాటలు మానేశాడని రాసి ఉంది.

ఈ మాస్టారే ఇంకో సంగతి చెప్పారు. సోవియట్ కాలంలో చాలా ఏళ్లు ఈ దుఃఖం ఇంటి లోపలి మాట. 1965 ఏప్రిల్ 24కి యాభై ఏళ్లు నిండాయి. ఆ రోజు ఎవరూ పిలవకుండానే లక్ష మంది దాకా యెరెవాన్ వీధుల్లోకి వచ్చారు. ఆయన అప్పుడు విద్యార్థి. ఆ తర్వాతే, 1967లో, కొండ మీద ఈ కట్టడం లేచింది.

* * *

మార్చి 8, మహిళా దినోత్సవం, అక్కడ పెద్ద పండగ. టాటిక్‌కి ఆరు గులాబీలు కొనుక్కొచ్చాను. తీసుకుంటూనే లెక్కపెట్టింది, మొహం పాలిపోయింది. ఒక పువ్వు తీసి కూతురి చేతికిచ్చి, మిగతా ఐదూ గుండెకు హత్తుకుని నన్ను ముద్దు పెట్టుకుంది. బతికున్నవాళ్లకు బేసి సంఖ్యలో ఇవ్వాలట. సరి సంఖ్య పోయినవాళ్లకు. మనం చదివింపుల్లో వంద మీద రూపాయి పెట్టకపోతే పెద్దవాళ్లు ఎలా విలవిల్లాడతారో అలాగే.

ఆ ఇంట్లో వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు మీద, ఒక నీలం రెగ్జిన్ సంచి ఉండేది. ఎప్పుడూ అక్కడే. తుడిచేటప్పుడు టాటిక్ దాన్ని ఎత్తి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. ఊరికి వెళ్లే సంచేమో అనుకున్నాను. ఒకసారి జిప్పు ఊడిపోతే కుట్టించుకురమ్మని నాకిచ్చింది. లోపల కాగితాలు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, పొట్లం కట్టిన చక్కెర బిళ్లలు, దూది, ఒక ఫొటో. బాకూ నుంచి వచ్చి పన్నెండేళ్లు దాటినా సంచి సర్దే ఉంది.

ఆ కథ టాటిక్ కూర్చోబెట్టి ఎప్పుడూ చెప్పలేదు. పిండి కలుపుతూ ఒక ముక్క, ఆకులు తరుగుతూ ఒక ముక్క. వాళ్ల పూర్వీకులది కరబఖ్, అజర్‌బైజాన్ లోపల అర్మేనియన్లు ఎక్కువగా ఉండిన కొండ సీమ. అక్కడి రొట్టె ఒకటి చేసేది, జెంగ్యలోవ్ హాత్స్. పది పదిహేను రకాల ఆకుకూరలు సన్నగా తరిగి, పల్చటి పిండిలో కూరి, పెనం మీద కాల్చడం. అందులో పుల్లాకు తగిలితే నాకు గోంగూర గుర్తొచ్చి ఇంటి మీద బెంగ పుట్టేది. ఆ ఆకులు తరిగే గంటలోనే బాకూ వచ్చేది.

బాకూలో ఆమె ప్రసూతి ఆస్పత్రి నర్సు. ముప్ఫై ఏళ్లు. అర్మేనియన్, అజర్‌బైజానీ, రష్యన్, యూదు, ఎవరి బిడ్డనైనా మొదట ఎత్తుకున్నది ఆమే. ఆ ఊళ్లో అప్పుడు రెండు లక్షల పైచిలుకు అర్మేనియన్లు. 1988 ఫిబ్రవరిలో కరబఖ్ తమను అర్మేనియాలో కలపమని అడిగింది. వారం తిరిగేసరికి బాకూ పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న సుంగయిత్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో గుంపులు అర్మేనియన్ల ఇళ్ల మీద పడ్డాయి. ఫిబ్రవరి 27 నుంచి 29 దాకా. ప్రభుత్వం లెక్కలో 32 మంది పోయారు, వాళ్లలో 26 మంది అర్మేనియన్లు. అంతకంటే ఎక్కువ అని అర్మేనియన్లు అంటారు. అదే ఏడాది నవంబరులో కిరోవాబాద్. 1990 జనవరి 13న బాకూ.

"అడ్రసులు రాసుకొచ్చారు బాలా జాన్," అంది ఒకసారి. అంతకు మించి ఆ వాక్యాన్ని ముందుకు తీసుకెళ్లలేదు.

టాటిక్‌నీ కూతుర్నీ పై అంతస్తులో ఉండే అజర్‌బైజానీ ఆవిడ తన ఇంట్లో దాచింది. రెండు రాత్రులు, బట్టల బీరువా వెనక. గుంపు వచ్చి తలుపు కొడితే ఆవిడ తన పసిబిడ్డను గిల్లి ఏడిపించి, చంటిపిల్ల ఇల్లు, పొండి అని తిట్టి పంపింది. ఆ బిడ్డ టాటిక్ చేతుల్లో పుట్టిన బిడ్డే. కింది అంతస్తులో ముసలి జంట ఉండేవాళ్లు. మేమెవరికి ఏం చేశాం, మమ్మల్నెవరు ఏం చేస్తారు అని కదల్లేదు. టాటిక్ మెట్లు దిగి పోయేటప్పుడు వాళ్ల తలుపు తెరిచి ఉంది.

ఓడలో కాస్పియన్ సముద్రం దాటించి క్రస్నవోద్‌స్క్‌లో దించారు, అక్కడి నుంచి విమానంలో యెరెవాన్. సుమారు 90 మంది అర్మేనియన్లు పోయారని చెప్తారు. వారం తర్వాత సోవియట్ సైన్యం బాకూలో దిగి జనం మీద కాల్చింది, వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది అజర్‌బైజానీలే. టాటిక్ వాళ్ల కోసం కూడా ఏడ్చింది. "వాళ్లలో ఎందర్ని నేను ఎత్తుకున్నానో" అనేది. ఆ ఏళ్లలో అర్మేనియాలో ఉండే అజర్‌బైజానీలూ ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. ఆ మాటా ఆమె నోటే విన్నాను, దాచలేదు.

భర్త సమాధి బాకూలో ఉండిపోయింది. మనం ఏటా తద్దినం పెట్టినట్టు వాళ్లు ఏటా సమాధికి వెళ్తారు. ఆమెకు వెళ్లడానికి లేదు.

* * *

కొండ మీద, మంటకు కాస్త ఎడంగా, ఖచ్‌కార్లు ఉన్నాయి. సిలువ చెక్కిన రాళ్లు. మన వైపు పొలాల్లో వీరగల్లులు ఉంటాయి చూడండి, అలా నిలువుగా. సుంగయిత్, కిరోవాబాద్, బాకూలలో పోయినవాళ్ల కోసం పెట్టినవి. ఏప్రిల్ 24న ఊరంతా వచ్చినట్టు వాటి దగ్గరికి జనం రారు. టాటిక్ ఫిబ్రవరి 28న వెళ్లేది. మంచు పడుతుంటుంది. నేనున్న నాలుగేళ్లూ తోడు వెళ్లాను, జారుతుందని ఆమె చెయ్యి నా చంకలో పెట్టుకుని. అక్కడున్నవాళ్లు పాతిక ముప్ఫై మంది. రష్యన్‌లో, బాకూ యాసలో, గుసగుసగా మాట్లాడుకునేవాళ్లు. ఒకరినొకరు పేరుతో కాదు, వీధితో గుర్తుపట్టేవాళ్లు.

అందరూ గుత్తులు తెచ్చేవాళ్లు. టాటిక్ రెండే రెండు కార్నేషన్లు తెచ్చేది. కోటు లోపల, చలికి వాడకుండా. కింది అంతస్తు జంటకు. రాయి ముందు వంగి, ఒకటి పెట్టి, దాన్ని ఆనించి రెండోది పెట్టేది. రెండింటి కాడలూ సమంగా ఉన్నాయో లేదో చూసి సర్దేది.

* * *

చదువయ్యి వచ్చేశాను. పెళ్లి, పిల్లలు, కర్నూల్లో ప్రాక్టీసు. 2015లో నూరేళ్లు నిండినప్పుడు టాటిక్ కూతురు ఫోన్ చేసింది. ఏప్రిల్ 23న వాళ్ల చర్చి 1915లో పోయినవాళ్లందరినీ పునీతులుగా ప్రకటించింది, ఇక వాళ్ల ఆత్మశాంతి కోసం ప్రార్థన ఉండదు, మనమే వాళ్లను వేడుకోవాలి అంది. టాటిక్ ఫోన్ లాక్కుని, నా లెక్కలోవాళ్లు ఆ లిస్టులో లేరు, నా పూలు ఆగవు అంది. అదే ఆమె గొంతు వినడం ఆఖరుసారి. ఆ చలికాలం పోయింది.

2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం కరబఖ్‌ను పట్టుకున్నాక, అక్కడి నుంచి లక్ష మందికి పైగా వారం రోజుల్లో అర్మేనియాకు వచ్చేశారు, కార్లలో, ట్రాక్టర్లలో, ఉన్న బట్టలతో. కూతురు నా పాత గదిలో ఒక కుటుంబాన్ని పెట్టుకుంది. వాట్సాప్‌లో ఫొటో పంపింది. చెప్పుల స్టాండు పక్కన వాళ్ల సంచులు. స్టాండు మీద నీలం రెగ్జిన్ సంచి. మేజోళ్లు వాళ్ల పిల్లకు తొడిగానని రాసింది.

* * *

పెళ్లి మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి జార్జిటౌన్‌లో అర్మేనియన్ స్ట్రీటుకు వెళ్లాను. ఆ వీధిలో అర్మేనియన్ చర్చి ఉంది, 1772 నాటిది. వ్యాపారానికి వచ్చిన అర్మేనియన్లు కట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక 1794లో ఈ మద్రాసులోనే అచ్చయింది. అది అచ్చువేసిన పూజారి సమాధి ఆ ప్రాంగణంలోనే ఉంది. ఇప్పుడు అక్కడ సమాధులే తప్ప భక్తులు లేరు.

దారిలో పూలమ్మే ఆవిడ దగ్గర ఆగాను. నా అరవం విని నవ్వి తెలుగులోకి దిగింది. బకెట్‌లో ఎర్ర కార్నేషన్లు ఉన్నాయి. రెండివ్వమన్నాను. కాడలు కత్తిరించి, కాగితంలో చుట్టి, "పొద్దున్నే మొదటి బేరం, కొసరు ఉంచమ్మా" అని ఇంకొకటి పెట్టింది.

ఆ మూడో పువ్వు తీసి ఆవిడ కొప్పులో నేనే తురిమాను. రెండింటినీ కాడలు సమంగా పట్టుకుని లోపలికి వెళ్లాను.